శ్రావణం దాకా ఆయన పేరు మీదే

కలకత్తాకి బదిలీ అయినప్పుడు అందరూ నన్ను భాష గురించి భయపెట్టారు. భాషదేముంది, మూడు నెలల్లో బేరమాడే పాటి వచ్చేసింది. ఎంతకీ రానిది రోడ్డు. ఇక్కడ కొన్ని వీధులు పొద్దున ఒకవైపుకి వన్‌వే, మధ్యాహ్నం దాటాక అవే వీధులు రెండోవైపుకి వన్‌వే. పొద్దున తొమ్మిదింటికి బుద్ధిగా వెళ్ళిన దిక్కుకే మధ్యాహ్నం మూడింటికి వెళితే పోలీసు ఆపి చలానా రాస్తాడు. ఇలాంటి ఊళ్ళో కారు నడపాలనుకోవడం నాదే పొరపాటు. కానీ నేనుండేది న్యూ టౌన్‌లో, నా బ్యాంకు బ్రాంచి రేవు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో. ఇల్లొక కొస, ఉద్యోగమొక కొస. రెండు బస్సులు, మధ్యలో మెట్రో, చివర ఆటో. మా ఆయనా పిల్లవాడూ విజయవాడలోనే ఉన్నారు కాబట్టి ఆ ప్రయాణం మీది కోపమంతా రోజూ ఫోన్లో వాళ్ళ మీద పడేది. చివరికి మా ఆయనే విసిగిపోయి, "ఏదో ఒక పాత కారు కొనుక్కోవే, మేం బతుకుతాం" అన్నాడు.

నాకు కోపం ఎక్కువని బ్రాంచిలో కూడా అందరికీ తెలుసు. తేదీ వెయ్యని కాగితం నా బల్ల మీదికి వస్తే, తెచ్చినవాడి మొహాన కొట్టినంత పని చేస్తాను. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టకండి బాబూ అని పింఛనుదార్లకి పాఠం చెప్పని రోజు లేదు. అలా పాఠం చెప్పించుకున్న వాళ్ళలో ఒకాయన, నేను బెంగాలీలో తిట్టబోయి మధ్యలో తెలుగులో గొణుక్కోవడం విని, ఒక్కసారిగా మొహం విప్పార్చి అడిగాడు.

"ఏటమ్మా, తెలుగోలేనా?"

ఆయన రేవులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడ పనులకి వచ్చిన కుటుంబం. క్రైస్తవులు. భార్య రిటైరైన నర్సు. బ్రాంచికి రెండు సందుల అవతల పాత మేడలో రెండు గదులు. ఆ రోజు నుంచి నేను ఆయనకి "తల్లీ", ఆయన నాకు "బాబాయిగారు", ఆవిడ "పిన్నిగారు". వారానికోసారైనా మధ్యాహ్నం భోజనానికి పిలుపు వచ్చేది. వాళ్ళ మాటలో తెలుగు ఎంతో బెంగాలీ అంత. "దాల్ ఇంకొంచెం ఎయ్యనా, పేట్ నిండినాదా" అనేది పిన్నిగారు. నాకు ఆ ఊళ్ళో పుట్టిల్లంటూ ఏర్పడింది అక్కడే.

బాబాయిగారికి ఒక చిన్న తెల్ల కారుండేది. రిటైరైన డబ్బుతో కొన్నది. కళ్ళకి శుక్లాలొచ్చాక పిన్నిగారు తాళాలు దాచేసింది. నేను కారు వెతుకుతున్నానని తెలిసి ఆయనే, "నాదే తీసుకో తల్లీ, పరాయోలికి ఇయ్యలేను దాన్ని" అన్నాడు. ధర కూడా న్యాయంగా చెప్పాడు. నేను అదే వారం మొత్తం ఇచ్చేశాను. అంతా బాగానే ఉంది కానీ అప్పటికి ఆషాఢం మొదలై నాలుగు రోజులైంది.

తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు.

"ఆషాఢంలో బండి కొంటారా ఎవరన్నా?" అంది.

"కొనకపోతే ఈ వానల్లో నేను పోతానమ్మా."

అవతల పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. మా అమ్మ పంచాంగం తీసిందంటే దారి వెతుకుతోందని అర్థం. "సరే, బండి తెచ్చుకో. కాగితాల్లో మాత్రం నీ పేరు శ్రావణంలో ఎక్కించుకో. అప్పటిదాకా అది ఆయనదే. నువ్వు అడిగి తెచ్చుకున్నట్టు," అని తీర్పు చెప్పింది.

నేను నవ్వాను. నవ్వి, సరిగ్గా అలాగే చేశాను. దేవుడి లెక్కలో బండి ఆయనది, రోడ్డు మీద నాది. బాబాయిగారికి విషయం చెబితే ఆయన వాదించలేదు. "మీ నమ్మకం మీది తల్లీ. పేరు ఇయ్యాల మారితే ఏటి, వచ్చే నెల మారితే ఏటి? బండయితే తీసుకెల్లిపో" అని, పేరు మార్చే ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చాడు. తేదీ దగ్గర ఖాళీ వదిలాడు. నేనే వదలమన్నాను. ఊరందరికీ నీతులు చెప్పే మనిషిని, ఆ తేదీ లేని ఫారాలు జాగ్రత్తగా నా సొరుగులో పెట్టుకున్నాను. పిన్నిగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నిమ్మకాయలు తొక్కించడం శ్రావణానికి వాయిదా వేశాం.

కారుతో పాటు ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఇచ్చాడాయన. అందులో కొన్నప్పటి నుంచీ కట్టిన ఇన్సూరెన్సు కాగితాలన్నీ వరసగా ఉన్నాయి. "ఒక్కపాలి కూడా ఆల్ని ఒక్క పైసా అడగలేదు తెల్సా. అడక్కపోతే ఏటేటా తగ్గిస్తారు" అన్నాడు. పదో తరగతి మార్కులు చూపిస్తున్నట్టు చూపించాడు. నేను ఆఖరి కాగితం చూశాను. ఇంకా ఎనిమిది నెలల గడువుంది. హమ్మయ్య అనుకున్నాను. స్టెప్నీ టైరు, జాకీ లాగే ఇన్సూరెన్సు కూడా కారుతో పాటు వచ్చేదేనని నా నమ్మకం. పద్దెనిమిదేళ్ళుగా బ్యాంకులో ఉన్న మనిషిని, ఇది రాయడానికి కూడా సిగ్గేస్తోంది.

మూడు వారాలు హాయిగా తిరిగాను. ఆషాఢం చివర్లో ఒకరోజు మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. గంగ పోటు మీదుంటే నది నీళ్ళు ఊళ్ళోకి రాకుండా కాలవల లాక్‌గేట్లు మూసేస్తారు, వీధుల్లో నీళ్ళు పోయే దారి ఉండదు. ఈ సంగతి ఊళ్ళో పుట్టినవాళ్ళకి తెలుసు, నాకు తెలీదు. నాలుగింటికి బ్రాంచి నుంచి బయల్దేరి, పావు కిలోమీటరు వెళ్ళేసరికి నీళ్ళు తలుపుల దాకా వచ్చాయి. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తాళం మీదికి చెయ్యి వెళ్ళింది. ఎదుటి ట్యాక్సీ పక్కన మోకాళ్ళ లోతులో నిలబడ్డ డ్రైవరు స్టార్ట్ చెయ్యొద్దని గట్టిగా అరిచాడు. "దీదీ, స్టార్ట్ కొర్‌బేన్ నా!" చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నీళ్ళు ఇంజన్లోకి పోయాక మళ్ళీ స్టార్ట్ చేస్తే, పాడైన ఇంజను తప్పు నీదేనంటారట ఇన్సూరెన్సు వాళ్ళు. అది తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం భయపడి ఊరుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. సీట్ల మీదుగా నల్లటి నీళ్ళు పోతుంటే చూస్తూ ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, కానీ ఏడ్చాను.

మర్నాడు కారుని వర్క్‌షాపుకి లాగించాక, అక్కడి మేనేజరు ఒక ఏజెంటుని పిలిచాడు. ఇన్సూరెన్సు కాగితాలు చూడడమే పనిగా బతికే నడివయసు మనిషి. మట్టి కప్పులో టీ తాగుతూ పాలసీ అటూ ఇటూ తిప్పి, "మీ పేరు ఇందులో ఎక్కడా లేదే దీదీ" అన్నాడు. నేను ఆషాఢం కథంతా చెప్పాను. పడీ పడీ నవ్వాడు. వాళ్ళకి ఆషాఢంలో రథయాత్ర రోజు మహా మంచిదట. కొత్త బళ్ళు ఆ రోజు కోసం ఆపుకుని మరీ తీస్తారట.

నవ్వడం అయ్యాక నాకు పాఠం చెప్పాడు. పాలసీలో రెండు భాగాలుంటాయి. మన కారు గుద్ది ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళకి ఇచ్చేది ఒకటి. అది కారు ఎవరి చేతికి పోయినా కారుతోనే పోతుంది. మన కారుకే దెబ్బ తగిలితే మనకి ఇచ్చేది రెండోది. అది కారుది కాదు, మనిషిది. కారు అమ్మిన పద్నాలుగు రోజుల్లోగా కొన్నవాళ్ళు తమ పేరుకి మార్పించుకోవాలి. లేకపోతే అమ్మినాయన కారు అమ్మేశాడు కాబట్టి ఆయనకి నష్టం లేదు, కొన్నామె పేరు లేదు కాబట్టి ఆమెకి హక్కు లేదు. ఇద్దరికీ ఏమీ రాదు. బాబాయిగారు గొప్పగా చెప్పుకున్న తగ్గింపు కూడా ఆయనదే, నాకు రాదు. ఇంత తేలికైన సంగతి నాకెవరూ ఎందుకు చెప్పలేదని మండిపడ్డాను. పాలసీ రెండో పేజీలో అచ్చువేసే ఉంది. నేనే చదవలేదు.

మరమ్మతుకి మేనేజరు చెప్పిన అంచనా నా మూడు నెలల జీతం. నా మొహం చూసి ఏజెంటు గొంతు తగ్గించాడు.

"అమ్మినట్టు తేదీ ఎక్కడైనా వేశారా?"

"లేదు."

"అయితే అమ్మలేదు. ఆయన బండి, మీరు అడిగి తీసుకెళ్ళారు. ఆయన వచ్చి అదే చెప్పి, క్లెయిం ఫారం మీద సంతకం పెడితే సరి."

మా అమ్మ చెప్పిన మాటే. దేవుడికి చెప్పిన కథే ఇన్సూరెన్సు వాళ్ళకీ చెప్పాలి, అంతే కదా అనుకున్నాను. ఫోన్ చేస్తే బాబాయిగారు రెండో మాట అనలేదు. "ఒస్తాను తల్లీ, నువ్వేటీ గాబరా పడకు" అన్నాడు.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ప్యాంటు మడిచి, నీళ్ళు ఇంకా దిగని సందుల్లోంచి బస్సెక్కి వచ్చాడు. నష్టం చూడడానికి కంపెనీ పంపిన సర్వేయరు అప్పటికే బానెట్ ఎత్తి ఫోటోలు తీస్తున్నాడు. నడిపిందెవరని అడిగాడు. నేనన్నాను. లైసెన్సు చూపించాను. బండి ఎవరిదని అడిగాడు.

"ఆమార్ గాడీ," నాదేనన్నాడు బాబాయిగారు.

"ఈవిడ మీకేమవుతారు?"

"నా కూతుర్లాటిది," అని బెంగాలీలో చెప్పాడు. అందులో అబద్ధం లేదు.

సర్వేయరు రాసుకుని ముందుకి వెళ్ళిపోయాడు. ఏజెంటు ఫారం నింపి తెచ్చాడు. ఇంగ్లీషు. బాబాయిగారు కళ్ళజోడు సర్దుకుని కింద దాకా వేలు పెట్టుకుంటూ వెళ్ళి, చివరి వాక్యం దగ్గర ఆగాడు.

"ఇదేటి రాసుంది తల్లీ, ఆఖర్న?"

"పైన చెప్పిందంతా నిజమని. అన్ని ఫారాల్లోనూ ఉంటుంది బాబాయిగారూ, మామూలే" అన్నాను. లంచ్ టైము దాటిపోతోంది, బ్రాంచికి వెళ్ళాలి. నా గొంతులో విసుగు ఆయనకి వినపడే ఉంటుంది. తెలుగులో సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టి నాకిచ్చాడు. టీ తాగమంటే వద్దన్నాడు.

శ్రావణం వచ్చింది. అమ్మ ఫోన్ చేసి పేరు మార్పించావా అని అడిగింది. క్లెయిం తేలేదాకా మార్చడానికి వీల్లేదు, మారిస్తే అబద్ధం బయటపడుతుంది. "మంచిరోజు చూస్తున్నానమ్మా" అన్నాను. ఇంకో వారానికి ఏజెంటు కబురు చేశాడు. పైవాళ్ళు ఒప్పుకున్నట్టేనట, రెండు మూడు రోజుల్లో వర్క్‌షాపుకి డబ్బు వేసేస్తారట. స్వీట్లు కొనుక్కుని సోమవారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను.

బాబాయిగారు లేడు. పిన్నిగారు టీ పెట్టింది. ఎప్పుడూ నవ్వే మనిషి స్వీట్ల పెట్టె విప్పకుండా పక్కన పెట్టింది.

"నిన్న నెల మొదటి ఆదివారం తల్లీ. గుడిలో ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి అందరూ లేచినారు. ఈయన లేవలేదు. మనసులో తప్పుంటే ముట్టుకోకూడదు కదా దాన్ని. నలభై ఏళ్ళయింది పెళ్ళయి, నేనెప్పుడూ చూడలేదలాగ. ఒంట్లో బాగులేదా అంటే కాదంటాడు. ఏటయినాదంటే చెప్పడు. ఏటో సంతకం పెట్టి ఒచ్చిన రోజు నుంచీ ఇలాగే ఉన్నాడు. ఏటి రాయించినావు తల్లీ ఆయన చేత?"

చెప్పాను. అంతా చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని, నా సంగతి నాకు తెలుసు. ఆవిడ కప్పు కడగడానికి లేచింది. నాకు జీవితంలో అంత సిగ్గుగా ఎప్పుడూ అనిపించలేదు. ఇంటికి పిలిచి అన్నం పెట్టిన మనిషి కాదనలేడని నాకు తెలుసు. తెలిసే అడిగాను. నా డబ్బుకి నష్టం రాకుండా ఆయన మాటని ఖర్చు పెట్టాను.

సాయంత్రం ఏజెంటుకి ఫోన్ చేసి క్లెయిం వెనక్కి తీసుకుంటానన్నాను. తలకేమైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. చివరికి, "అది మీ చేతిలో లేదు దీదీ, క్లెయిం ఆయనది. వెనక్కి తీసుకోవాలన్నా ఆయనే సంతకం పెట్టాలి" అన్నాడు. ఉత్తరం మాత్రం తనే టైపు చేసి పంపాడు. ఇంగ్లీషులో రెండే రెండు వాక్యాలు. వ్యక్తిగత కారణాల వల్ల క్లెయిం ఉపసంహరించుకుంటున్నాను. దయచేసి గమనించగలరు.

మర్నాడు పొద్దున్నే అది తీసుకుని వెళ్ళాను. బాబాయిగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. మరమ్మతు ఖర్చు నేనే పెట్టుకుంటానని, క్లెయిం వద్దనుకున్నానని చెప్పాను. క్షమించమని అడిగాను. "ఛ, ఊరుకో తల్లీ. నువ్వు అడిగినావు, నేను సెప్పినాను. నోరు నాదే కదా" అన్నాడు. ఉత్తరం అందుకుని చాలాసేపు చదివాడు.

"కారణాలు ఏటంటున్నారిక్కడ?"

"వ్యక్తిగత కారణాలు. అంటే సొంత కారణాలు."

"అంటే ఏటి?"

బ్యాంకులో ఆ ముక్క రోజుకి పది ఉత్తరాల్లో చూస్తాను. అంటే ఏమిటని నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. "అంటే... కారణం చెప్పడం ఇష్టం లేదని," అన్నాను.

ఆయన తలూపాడు. పెన్ను అడిగాడు. సంతకం పెడతాడనుకున్నాను. టైపు చేసిన రెండు వాక్యాల కింద ఖాళీలో, గుండ్రటి బడి అక్షరాలతో, తొందరపడకుండా తెలుగులో రాశాడు. కాగితాలతో సహా కారు నేను అమ్మేసినాను. బండి నాదని చెప్పింది అబద్దం. ఆ కింద సంతకం, తేదీ. "ఇంగ్లీషులో రాయడం నాకు రాదు మరి, ఇలాగ ఇస్తే తీసుకుంటారా?" అని అడిగాడు.

తీసుకుంటారన్నాను.

బ్రాంచికి సెలవు చెప్పి నేరుగా ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్ళాను. దారంతా లెక్కలు వేసుకున్నాను. ఆ మాట చదివితే కంపెనీ ఏం చేస్తుంది? కేసు పెడుతుందా? మా బ్యాంకు దాకా వస్తుందా? కౌంటర్లో ఉన్నామెది ఇంచుమించు నా వయసే. ముందు ఫైళ్ళ గుట్ట, ముక్కు మీద కోపం. ఉత్తరం లాక్కుని ఇంగ్లీషు వాక్యాలు చూసి, ముద్ర తీసి, వెయ్యబోయి ఆగింది.

"ఇదేమిటి కింద? ఏ భాష?"

"తెలుగు."

"ఏం రాశారు?"

ఆ హాల్లో ఆ రెండు లైన్లు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నమస్కారాలు అని రాశారంటే ముద్ర పడిపోయేది. వెనక వరసలో ఎవరో తొందరపెడుతున్నారు.

"బండి అమ్మేశానని రాశారు. తనదని చెప్పింది అబద్ధమని రాశారు," అన్నాను.

ఆమె ముద్ర పక్కన పెట్టి, కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది.

"ఎవరికి అమ్మారు?"

"నాకు," అన్నాను. "అబద్ధం చెప్పమన్నది కూడా నేనే."